హోదాకు తగిన చూపు

నదీ పర్యవేక్షణ శాఖకు దూరదృష్టి లేదన్న సంగతిని రాజధాని నుంచి వచ్చిన ప్రత్యేక కార్యదర్శి సమీక్షా సమావేశంలో కనిపెట్టారు. కనిపెట్టి ఊరుకోలేదు. "ఇన్ని వరదలు చూశారు, ఇంతమంది ఇంజనీర్లున్నారు. ఒక్కరికైనా దూరదృష్టి ఉందా? నెల తిరిగేసరికి ఉండాలి!" అని బల్ల గుద్ది, మధ్యాహ్నం విమానానికి వెళ్ళిపోయారు.

కోపంలో అన్న మాటను మామూలు మనుషులు మర్చిపోతారు. ఆఫీసులు మర్చిపోవు. సాయంత్రానికి మినిట్స్ తయారయ్యాయి. "అంశము: దూరదృష్టి. ప్రస్తుత స్థితి: లేదు. చర్య: సమకూర్చవలెను. గడువు: ఒక నెల."

చీఫ్ ఇంజనీర్ ఆచంట పురుషోత్తం తన సర్వీసు మొత్తంలో ఒక్క విషయం మాత్రం నిష్ఠగా పాటించాడు. ఆయన పేరు మీద ఏ అంశమూ పెండింగులో ఉండకూడదు. మర్నాడే కింది అధికారులందరినీ పిలిచాడు.

"చెప్పండయ్యా. దూరదృష్టి ఎక్కడ దొరుకుతుంది?"

ఆయన కింది ఎస్ఈ శిక్షణా తరగతులన్నాడు. ఎస్ఈ కింది ఈఈ యోగా అన్నాడు. గోడవారన ప్లాస్టిక్ కుర్చీలో ఈఈ కింది ఏఈ యాళ్ళ వీరవేణి కూర్చుని ఉంది. ఆమె వచ్చింది వేరే పని మీద.

వీరవేణి ఆఫీసు గోదావరి ఒడ్డున ఉంది. ఎదురుగా, నది మధ్య, పాత వంతెన స్తంభం మీద నీటిమట్టం చూపే గేజి ఉంది. ఆ గేజి అంకెలు ఒడ్డు నుంచి కనపడవు. మామూలు రోజుల్లో పడవ మీద వెళ్ళి చూసి రావచ్చు. వరదొస్తే పడవ వెళ్ళదు. అంటే అంకె అవసరం లేనప్పుడు తెలుస్తుంది, అవసరమైనప్పుడు తెలియదు. ఆ అంకె తెలిస్తేనే చీఫ్ ఇంజనీర్ సంతకం పెడతాడు. సంతకం పడితేనే దిగువనున్న చింతాలలంకకు సైరన్ మోగుతుంది. కిందటేడు అంకె తెలిసేసరికి లంకలో నడుములోతు నీళ్ళు. మనుషులు కొబ్బరిచెట్లెక్కి బతికారు. గేదెలు చెట్లెక్కలేవు. "ఒక్క పూట ముందు చెప్పండమ్మా, చాలు. గొడ్డూ గోదా తోలుకుని మా దారిన మేం పోతాం" అన్నాడు సర్పంచి గుత్తుల గంగరాజు. ఈసారి చెబుతానని ఆమె మాటిచ్చింది.

మాటిచ్చి, ఒక బైనాక్యులర్ ఇప్పించమని అడిగింది. "కళ్ళుండగా సాధనమేల?" అన్న ప్రశ్నతో ఆ కాగితం తిరిగొచ్చింది. మళ్ళీ పంపింది. మళ్ళీ వచ్చింది. అందుకే ఇవాళ స్వయంగా వచ్చి కూర్చుంది.

శిక్షణా, యోగా కొట్టుకుంటూ ఉండగా ఆమెకు బుర్రలో తళుక్కుమంది. లేచి నిలబడింది.

"సార్, బైనాక్యులర్స్ కొనేద్దాం."



"దూరంగా ఉన్నది కనపడుతుంది కాబట్టి అది దూరదృష్టే కదండీ. శిక్షణైతే వచ్చిందో రాలేదో ఎవరికీ తెలీదు. ఇదైతే స్టాకు రిజిస్టర్లో ఎక్కుతుంది. 'సమకూర్చడమైనది' అని రాసేసుకోవచ్చు."

చీఫ్ మొహం విప్పారింది. ఎస్ఈ, ఈఈ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంత తేలిక సంగతి తమకు తట్టనందుకు ఇద్దరికీ సిగ్గేసింది.

"ఎవరెవరికి కొందామంటావమ్మా?"

"అందరికీ సార్."

అందరికీ అంటే తనకూ ఒకటి వస్తుందని వీరవేణి లెక్క. శాఖలో పదేళ్ళు పనిచేసినా ఆమెకు ఇంకా అమాయకత్వం మిగిలి ఉంది.

"పెద్దవి వద్దు" అన్నాడు చీఫ్, గంభీరంగా. "పెద్దవైతే బీరువాలో పెట్టి తాళం వేస్తారు. బీరువాలో ఉన్న దూరదృష్టి ప్రజలకేం ఉపయోగం? ఎప్పుడూ జేబులో ఉండాలి. జేబు బైనాక్యులర్లే కొనాలి. నాణ్యమైనవి. ఎంపిక నువ్వే చెయ్యమ్మా."

చీరకు జేబు ఉండదన్న అభ్యంతరాన్ని ఎవరో లేవనెత్తారు. మహిళా అధికారుల జేబుల విషయం పరిశీలించడానికి ముగ్గురు మగవాళ్ళతో ఉపసంఘం వేసి సభ ముగించారు.

* * *

మెయిన్ రోడ్డులో రెహమతుల్లాది కళ్ళజోళ్ళ దుకాణం. ఆయన అద్దాల పెట్టెలోంచి అరడజను జేబు బైనాక్యులర్లు తీసి బల్ల మీద పరిచాడు. వీరవేణి అన్నిటికంటే పెద్ద అంకె ఉన్నదాన్ని అందుకుంది.

"పన్నెండా? ముందు చూడండి మేడమ్, తర్వాత మాట్లాడదాం."

ఆమె దుకాణం మెట్ల మీద నిలబడి వీధి చివరి సైనుబోర్డు వైపు పెట్టింది. బోర్డు భూకంపం వచ్చినట్టు ఊగింది. పైగా చీకటిగా ఉంది.

"బోర్డు ఊగడంలేదు, మీ చెయ్యి ఊగుతోంది. పన్నెండు రెట్లు పెద్దగా చూపించేది మీ వణుకుని కూడా పన్నెండు రెట్లు చేస్తుంది. జేబులో పట్టే చిన్న అద్దానికి అంత పెద్ద అంకె పెడితే వెలుతురు ఎక్కణ్ణించి వస్తుంది? ఇదిగో, ఇది పట్టుకోండి. ఎనిమిది."

ఎనిమిదిని పెట్టగానే బోర్డు కుదురుగా నిలబడింది. 'నాణ్యమైన ఇత్తడి సామాన్లు' అన్న అక్షరాలు, కింద బల్ల మీద నిద్రపోతున్న దుకాణదారు, అతని ముక్కు మీద ఈగ. ఆమె నవ్వేసింది.

"రెండు గుండ్రాలు కనపడుతున్నాయా, ఒకటేనా?"

"ఒకటే."

"అయితే మంచిదే. రెండు కళ్ళకీ రెండు బొమ్మలు చూపిస్తే అది బైనాక్యులర్ కాదు మేడమ్, మొగుడూపెళ్ళాల తగువు." ఆయన దాన్ని రెండుగా మడిచి గుప్పిట్లో దాచి చూపించాడు. "చూశారా, జేబులో పడిపోద్ది. ఇప్పుడు కరెంటు స్తంభం అంచు చూడండి. ఊదారంగు జరీ ఉందా? లేదు కదా. చవకరకంలో ఉంటుంది. కళ్ళజోడు ఉన్నవాళ్ళకి ఈ రబ్బరు కప్పు కిందికి తిప్పాలి. వానకి లోపల ఆవిరి పట్టదు. ఇదుగో, ఇలా ముంచినా ఏం కాదు." అంటూ చెంబులో ముంచి తీశాడు.

వీరవేణికి కావలసింది చేతికొచ్చింది. అదే రకం అందరికీ కొనవచ్చని రాసిచ్చి, గంగరాజుకు ఫోన్ చేసింది.

"ఈసారి కనపడుతుందండీ."

"సల్లగుండు తల్లీ!" అన్నాడు గంగరాజు. వెనక గేదె అరిచింది.

* * *

కొనుగోళ్ళ సంఘంలో ఆ కాగితం చదివి సూపరింటెండెంట్ మేడిశెట్టి అప్పలకొండ కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు. ఆయన కళ్ళజోడు తీస్తే ఎవరికో మూడిందని ఆఫీసంతటికీ తెలుసు.

"మేడమ్, అందరికీ ఎనిమిదేనా?"

"అదే బాగా కనపడుతుందండీ."

"కనపడ్డం గురించి నేను మాట్లాడ్డంలేదు. క్రమశిక్షణ గురించి మాట్లాడుతున్నాను. చీఫ్ గారికీ ఎనిమిదే, తమరికీ ఎనిమిదేనా? చీఫ్ గారి కుర్చీకీ తమరి కుర్చీకీ ఎత్తులో తేడా ఉందా లేదా? గది వైశాల్యంలో ఉందా లేదా? మరి చూపులో ఉండొద్దా? పై అధికారికి కనపడనిది కింది అధికారికి కనపడితే, రేపు శాఖను ఎవరు నడుపుతున్నట్టు?"

చీఫ్ తల ఊపాడు. తన మనసులో ఎప్పటినుంచో ఉన్న బాధను ఎవరో మాటల్లో పెట్టినట్టు అనిపించిందాయనకు.

అరగంటలో చూపుల పట్టిక తయారైంది. చీఫ్‌కు పన్నెండు రెట్లు. ఎస్ఈకి పది. ఈఈకి ఎనిమిది. ఏఈకి నాలుగు.

"నాలుగా! సార్, గేజి నా దగ్గరుంది!"

"గేజి తమరి దగ్గరుంది, హోదా లేదు" అన్నాడు అప్పలకొండ, నొప్పి తెలియకుండా. "నాలుగు కూడా తక్కువేం కాదు. సభలో దూరంగా కూర్చున్న చీఫ్ గారు దగ్గరగా కనపడతారు."

"మరి లస్కరుకి?" అన్నాడు ఈఈ. కాలవగట్ల మీద, రేవుల్లో కాపలా తిరిగే చిరుద్యోగిని లస్కరంటారు.

అప్పలకొండ కాసేపు ఆలోచించాడు. "లస్కరుకి ఒకటి."

"ఒకటి రెట్టంటే?"

"ఉన్నది ఉన్నట్టు."

ఒకటి రెట్టు బైనాక్యులర్ ఏ కంపెనీ చెయ్యదని తెలిసింది. అద్దాలు లేని రెండు గొట్టాలు, మెడకు తాడుతో, స్థానికంగా చేయించారు. వీరవేణి కింద పనిచేసే లస్కరు పోలయ్య అది మెడలో వేసుకుని అత్తారింటికి వెళ్ళొచ్చాడు.

"ఎలా ఉంది పోలయ్యా?"

"ఆయ్, బెమ్మాండంగా ఉందండి మేడంగారూ. అచ్చం కళ్ళతో చూసినట్టే కనపడతందండి!"

పంపిణీ సభలో చీఫ్ తన పన్నెండును కళ్ళకు పెట్టుకుని హాలంతా తిప్పాడు. మొహం పాలిపోయింది.

"అంతా కదులుతోందేమిటయ్యా?"

"ప్రగతి సార్" అన్నాడు ఎస్ఈ తన పదిని కళ్ళకు పెట్టుకుని. "నాకైతే అద్భుతంగా ఉంది."

ఆ తరువాత ఉత్తర్వు వచ్చింది. "శాఖ జారీ చేసిన సాధనముతో తమ హోదాకు లోబడి చూసినదే చూపుగా పరిగణింపబడును. ఇతరుల సాధనముతో గాని, సొంత సాధనముతో గాని, వట్టి కంటితో గాని చూసినది చెల్లదు." ఆ ఉత్తర్వును తు.చ. తప్పక పాటించి ఈఈ ఆఫీసు మెట్లు కూడా ఎనిమిది రెట్లలో చూసుకుంటూ దిగి, కాలు బెణికించుకున్నాడు. నెల తిరగకముందే రాజధానికి నివేదిక వెళ్ళింది: దూరదృష్టి సమకూర్చడమైనది.

* * *

ఆషాఢం సగంలో ఎగువన వానలు విరుచుకుపడ్డాయి. గోదావరి ఎర్రబడింది. పడవలు ఆపేశారు. వీరవేణి తన నాలుగును కళ్ళకు పెట్టుకుని స్తంభం వైపు చూసింది. స్తంభం కనపడింది. స్తంభం మీద ఏదో రాసి ఉందని కూడా కనపడింది. ఏం రాసి ఉందో కనపడలేదు.

ఫోన్ మోగింది.

"అమ్మా, గంగరాజునండి. రేవు మెట్లు ములిగిపోయేయి. మా ఆడోళ్ళు మూటలు కడతన్నారు. ఉండమంటారా, కదలమంటారా? గొడ్లని ఊరికే తోలుకెళ్ళి ఊరికే తెచ్చుకునే ఓపిక లేదండి."

"ఒక్క పూట ఆగండి. చెబుతాను."

ఆమె ఈఈకి ఫోన్ చేసింది. "సార్, మీ ఎనిమిది పట్టుకుని ఒక్కసారి రేవుకు రండి."

"కాలు బెణికిందమ్మా."

"పోనీ ఆ సాధనమైనా పంపండి సార్."

"ఇతరుల సాధనంతో చూస్తే చెల్లదు కదమ్మా. ఉత్తర్వు చదవలేదూ?"

ఎస్ఈ అదే మాట అన్నాడు. చీఫ్ ఫోన్ ఎత్తలేదు. వీరవేణి బల్ల మీద మోచేతులానించి కూర్చుంది. ఈ పట్టిక పుట్టడానికి మొదటి మాట తనదే. సమావేశంలో తెలివిగా అన్నాననుకున్న మాట ఇప్పుడు చింతాలలంక మీదికి నీళ్ళలా వస్తోంది. ఎదురు తిరిగితే లాభంలేదు. ఈ శాఖతో వాదించి గెలిచినవాళ్ళు లేరు. ఒప్పుకుని గెలవాలి.

మధ్యాహ్నం ఫోన్లోనే అందరితో వరద సమీక్ష పెట్టాడు చీఫ్. చివర్లో "ఎవరికైనా సందేహాలా?" అని అడిగాడు, ఎవరూ అడగరన్న ధీమాతో.

"ఒక్కటి సార్" అంది వీరవేణి వినయంగా. "ఎవరి హోదాకు కనపడేది వారే చూడాలి కదండీ. నా నాలుగుకు గేజి కనపడదని ఇవాళ పరీక్షించి రాసి పెట్టాను. లస్కరుకి ఎటూ కనపడదు. అంటే గేజి కనపడే సాధనం ఉన్నది శాఖలో మీ ముగ్గురికే. రేపు లంకలో ఏమైనా అయితే విచారణకు వచ్చేవాళ్ళు 'కనపడక చెప్పలేదు' అంటే నన్ను వదిలేస్తారు. 'కనపడి కూడా చూడలేదేం?' అని మాత్రం... అది ఎవరిని అడుగుతారా అని నా సందేహం."



"మంచి ప్రశ్న" అన్నాడు చీఫ్, గొంతు సవరించుకుని. "పరిశీలిస్తాం."

గంట గడవకముందే చీఫ్‌కు ఢిల్లీలో జాతీయ సదస్సు ఉన్నట్టు గుర్తొచ్చింది. ఎస్ఈకి ఇన్‌చార్జి బాధ్యతలు అప్పగించి, పన్నెండును ఆయన మెడలో వేసి, కారెక్కాడు. ఎస్ఈకి వెంటనే మెడ పట్టేసింది. రెండు బైనాక్యులర్ల బరువు మెడ నరాల మీద పడుతోందని డాక్టరు సర్టిఫికెట్ ఇచ్చాడు. ఆయన తన బాధ్యతలూ, చీఫ్ బాధ్యతలూ, రెండు తాళ్ళూ కలిపి ఈఈకి అప్పగించాడు. ఈఈకి బావమరిది గృహప్రవేశం వచ్చిపడింది. ఆషాఢంలో గృహప్రవేశమేమిటని అడిగేంత తీరిక ఎవరికీ లేదు.

ఈఈ వానలో జీపు దిగి, బెణికిన కాలితోనే పరుగెత్తుకుంటూ రేవు ఆఫీసుకు వచ్చాడు. మెడలో మూడు బైనాక్యులర్లు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి.

"ఇక్కడ సంతకం పెట్టమ్మా. ఇక్కడ కూడా. ఇదిగో, ఇక్కడ." తాళ్ళు ఒక్కొక్కటే తీసి ఆమె మెడలో వేశాడు. "ఈఈ ఇన్‌చార్జి, ఎస్ఈ ఇన్‌చార్జి, చీఫ్ ఇంజనీర్ ఇన్‌చార్జి. అభినందనలు. నేను వస్తా."

"సార్, మీ చిరునామా చెప్పి వెళ్ళండి, అవసరమైతే..."

అప్పటికే జీపు మలుపు తిరిగింది.

పోలయ్య అటెన్షన్‌లో నిలబడ్డాడు. "మేడంగారూ, ఇప్పుడు తవరేవవుతారండీ?"

"అందరూ నేనే" అంది వీరవేణి, వరండాలోకి పరుగెత్తుతూ.

ముందు పన్నెండు తీసింది. గేజి, వంతెన, ఆకాశం కలగలిసి గిరగిర తిరిగాయి. తరువాత పది. దాంట్లో ఏమీ కనపడలేదు. తిప్పి చూస్తే ముందు మూతలు తియ్యనే లేదు, వాటి మీద కంపెనీ కాగితం అంటించింది అంటించినట్టే ఉంది. ఎస్ఈ గారికి పంపిణీ సభలో అద్భుతంగా కనపడింది ఆ మూతల్లోనే. దాన్ని వదిలేసి ఎనిమిది తీసింది. రబ్బరు కప్పులు కళ్ళకు ఆనించి, మోచేతులు వరండా గోడ మీద పెట్టి, ఊపిరి బిగబట్టింది.

వానతెర వెనక స్తంభం కుదురుగా నిలబడింది. ఎర్రటి నీళ్ళు తెల్లటి అంకె మెడ దాకా వచ్చి ఉన్నాయి. పదిహేడు. ఆమె చూస్తుండగానే ఆ అంకె ములిగింది.

ఏఈగా వీరవేణి రీడింగు రాసింది. ఈఈగా దాన్ని సిఫారసు చేసింది. ఎస్ఈగా ఏకీభవించింది. చీఫ్ ఇంజనీర్‌గా సంతకం పెట్టింది. శాఖ చరిత్రలో ఒక కాగితం అంత వేగంగా నాలుగు బల్లలు దాటడం అదే మొదలు. సైరన్ మోగింది.

"గంగరాజుగారూ, కదలండి. ఇప్పుడే."

"ఎవరండీ మాటాడేది? గొంతు తవరిదిలాగే ఉంది?"

"చీఫ్ ఇంజనీర్‌ని."

"ఓర్నాయనో!" అని ఫోన్ పడేశాడు గంగరాజు. సాయంత్రానికి లంకలో మనిషి లేడు, గేదె లేదు. వాళ్ళు గట్టెక్కిన తరువాతే నది లంక మీదికి ఎక్కింది. గట్టు మీద గంగరాజు తన గేదెలను ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకుని, కండువాతో మొహం తుడుచుకున్నాడు.

* * *

మర్నాటి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఢిల్లీ నుంచి చీఫ్, ఆస్పత్రి నుంచి ఎస్ఈ, ఎక్కడి నుంచో ఈఈ. అందరిదీ ఒకటే ప్రశ్న.

"తగ్గిందా? తగ్గితే వచ్చి చార్జి తీసుకుంటాం."

"ఇంకా నమ్మకంగా చెప్పలేను సార్. మళ్ళీ పెరగొచ్చు."

"అయితే నువ్వే చూసుకో. తొందరేం లేదు."

ఆ తొందరలేని రోజుల్లో, నీళ్ళు కాస్త నెమ్మదించి పడవ వెళ్ళగలిగిన పూట, చీఫ్ ఇంజనీర్ ఇన్‌చార్జి వీరవేణి పెయింటర్‌ని స్తంభం దగ్గరికి పంపింది. గేజి అంకెలను నీటికి పైనున్న మేర వెంటనే, మిగతావి నీరు దిగేకొద్దీ, మనిషెత్తున రాయించింది. ఒడ్డు నుంచి ఎవరికైనా కనపడేంత నల్లగా, లావుగా.

చీఫ్ దండలతో తిరిగొచ్చాడు. లంకను కాపాడిన దూరదృష్టికి శాఖకు ప్రశంసాపత్రం వచ్చింది మరి. విలేకరుల ముందు రేవులో నిలబడి, తన పన్నెండును తన మెడలోకి తిరిగి తీసుకుని, గేజి వైపు పెట్టాడు. పన్నెండు రెట్లలో ఆయన చేతి వణుకు కూడా పన్నెండు రెట్లయింది.

"ఎంతుందమ్మా?" అన్నాడు మెల్లిగా.

వీరవేణి నోరు విప్పేలోపే పోలయ్య గొట్టాలు కళ్ళకు పెట్టుకున్నాడు. "ఆయ్, పదకొండండి!" అని రేవంతా వినపడేలా అరిచాడు.

విలేకరులు చప్పట్లు కొట్టారు. చీఫ్ మొహం మాడిపోయింది. పక్కనున్న అప్పలకొండ కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"లస్కరుకి కనపడింది సార్. ఒకటితో! శాఖ ఇచ్చిన సాధనమే, చెల్లదనడానికి కూడా లేదు."

ఆ సాయంత్రమే ఉత్తర్వు వచ్చింది. "గేజి అంకెలు హోదాతో నిమిత్తము లేకుండా ఎల్లరకూ కనబడుచున్నందున క్రమశిక్షణకు భంగము వాటిల్లుచున్నది. కావున నీరు పూర్తిగా తగ్గిన పిమ్మట సదరు అంకెలను చెరిపి, పూర్వపు పరిమాణమున రాయవలెను. నీరు తగ్గినట్లు సెక్షను ఏఈ తన సాధనముతో స్వయముగా చూసి ధ్రువీకరించవలెను."

వర్షాకాలం వెళ్ళింది. చలి మొదలైంది. అప్పలకొండ వారం వారం ఫోన్ చేస్తూనే ఉన్నాడు.

"మేడమ్, తమరి ధ్రువీకరణ ఒక్కటే పెండింగ్. చీఫ్ గారి పేరు మీద అంశం ఉండిపోయింది. నీరు తగ్గిందా లేదా?"

"ఉండండి, చూసి చెబుతాను" అని వీరవేణి వరండాలోకి వెళ్ళి, హోదాకు తగిన నాలుగును కళ్ళకు పెట్టుకుని, నది వైపు చాలాసేపు నిదానంగా చూసింది.

"నా సాధనానికి నీరు తగ్గినట్టు కనపడడంలేదండీ. పోలయ్యా, నీకు?"

"ఆయ్, నాక్కూడా లేదండి."

వాళ్ళిద్దరి ఎదురుగా గంగరాజు గేదెలు మోకాళ్ళలోతు నీళ్ళలో నడుచుకుంటూ, తాపీగా గోదావరి దాటుతున్నాయి.